క్వాంటిఫెరాన్ రిపోర్టు: పెద్దవాళ్లదీ చిన్నపిల్లలదీ ఒకేలా చదవొచ్చా?

ప్రశ్న:
ఇంటి పెద్దాయనకి కఫంలో టీబీ తేలింది, మందులకి లొంగే రకమే. ఇంట్లో మిగతావాళ్లకి క్వాంటిఫెరాన్ ప్లస్ (టీబీ క్రిమి ఒంట్లో చేరిందా అని చూసే రక్త పరీక్ష) చేశారు. 34 ఏళ్ల కోడలికి నిల్ (ఏమీ కలపని ట్యూబు అంకె) తీసేశాక, టీబీ ప్రొటీన్లున్న రెండు ట్యూబుల్లో టీబీ1 0.41, టీబీ2 0.38, పాజిటివ్ అన్నారు. మూడేళ్ల పాపకి నిల్ 0.05, మైటోజెన్ 0.30, టీబీ ట్యూబులు రెండూ సున్నా పక్కనే. ఇండిటర్మినేట్ (ఏదీ తేలలేదు) అని ఉంది. పాపకి నెగెటివ్ అనుకోవచ్చా అండీ? టీ-స్పాట్ అనే ఇంకో రక్త పరీక్షతో తేలుతుందా?

జవాబు 1:
అస్సలు అనుకోకండి. మైటోజెన్ ట్యూబులో రాజ్మా గింజల నుంచి తీసే ప్రొటీన్ ఉంటుంది. అది తగిలితే రక్తంలోని టీ-కణాలు (రోగనిరోధక కణాలు) గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ని వదలాలి, టెస్టు కొలిచేది దాన్నే. నిల్ తీసేశాక కనీసం 0.5 ఐయూ రావాలి, పాపకి 0.25 వచ్చింది. కణాలే సరిగా స్పందించనప్పుడు టీబీ ట్యూబుల్లో సున్నాకి అర్థం లేదు. ఐదేళ్లలోపు పిల్లల్లో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో ఇది ఎక్కువ.

రక్తం తీసిన తీరు కూడా అడగండి. ఒక్కో ట్యూబులో 0.8 నుంచి 1.2 మి.లీ. దాకా పడాలి. పిల్లల సన్న నరంలోంచి బటర్‌ఫ్లై సూదితో తీస్తే గొట్టంలో గాలి వల్ల మొదటి ట్యూబు తక్కువ పడుతుంది. అందుకే ముందు వేరే ట్యూబులోకి కొంచెం తీసి పారేయాలి. లోపలి గోడంతా తడిసేలా పదిసార్లు ఊపాలి, మరీ గట్టిగా ఊపితే జెల్ చెదిరి అంకెలు పాడవుతాయి. 16 గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి, అక్కడ 16 నుంచి 24 గంటలు ఉంచాలి. ఈలోగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

జవాబు 2:
టీ-స్పాట్‌లో ఒక్కో గుంటకి 2.5 లక్షల కణాలు లెక్కపెట్టి వేస్తారు కాబట్టి లింఫోసైట్లు (టీ-కణాలు ఉండే తెల్లరక్తకణాల రకం) తక్కువున్నవాళ్లకి కొంత మేలు. పాప వయసుకి 4 మి.లీ. రక్తం చాలు. కానీ దానికోసం ఆగాల్సిన పనే లేదండీ! ఐదేళ్లలోపు పిల్లలు రోగితో ఒకే ఇంట్లో ఉంటే, జాతీయ టీబీ కార్యక్రమం ప్రకారం ఏ ఇన్ఫెక్షన్ టెస్టూ అక్కర్లేదు. దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం లేవని డాక్టరు చూసి, టీబీ జబ్బు లేదని తేల్చుకుని నివారణ మందు మొదలుపెడతారు. ఐసోనియాజిడ్ అయితే కిలోకి రోజుకి 10 మి.గ్రా., ఆరు నెలలు. ఈ వయసులో ఇన్ఫెక్షన్ త్వరగా మెదడుపొరల దాకా పోయే ప్రమాదం ఎక్కువ.

జవాబు 3:
కోడలి అంకెలు పాజిటివ్‌కి హద్దయిన 0.35 గీతకి ఆనుకునే ఉన్నాయి, మళ్లీ చేస్తే కిందికి రావచ్చు. అయినా ఇంట్లో రోగి ఉన్నారు కాబట్టి పాజిటివ్‌గానే తీసుకోవాలి. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి: జబ్బుగా మారిందా, ఇన్ఫెక్షన్ నిద్రాణంగా ఉందా అన్నది ఈ టెస్టు చెప్పదు. బీసీజీ వల్ల వచ్చిందేమోనన్న అనుమానం వద్దు, ఇందులో వాడే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రొటీన్లు బీసీజీలో లేవు. ఎవరైనా టీబీ ఐజీజీ, ఐజీఎం చేయిద్దామంటే ఒప్పుకోకండి. ఆ యాంటీబాడీ టెస్టుల్ని మన దేశంలో 2012లోనే నిషేధించారు.