ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి ఇన్వర్టరా, లిథియమా, సోలారా? ఉడుకునీళ్ల సంగతి కూడా చెప్పండి

చందంపేట రైతుబిడ్డ:
అన్నలకు, అక్కలకు నమస్తే. అమ్మా నాయినా చందంపేట మండలంలో ఊళ్ళోనే ఉంటారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న. ఎండాకాలం చివర్లో గాలిదుమారం లేచిందంటే కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, ఇన్సులేటర్ పగులుతుంది, ఆ రాత్రికి ఇక కరెంటు రాదు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఇంకో చిన్న మిషను నడవాలి. చలికాలం పొద్దున్నే స్నానానికి ఉడుకునీళ్లు కూడా కావాలి, కరెంటు లేకపోతే గీజరు ఉన్నా లేనట్టే. ఎనభై వేల దాకా పెట్టగలను. మామూలు ట్యూబులర్ బ్యాటరీ (నీళ్లు పోసే సీసం బ్యాటరీ) తీసుకోవాలా, లిథియమా, ఏకంగా సోలార్‌కే పోవాలా? వాడినవాళ్లు చెప్పండి.

మిర్యాల వైరింగ్:
తమ్ముడూ, నేను ఈ పనిలోనే బతుకుతున్న, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. ఇన్వర్టరు నష్టం పోను, బ్యాటరీని పూర్తిగా పిండకుండా వాడితే నీ చేతికి వచ్చేది 1100, 1200. పాత ఫ్యాన్ ఒక్కటే 75 వాట్లు తాగుతుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 186 వాట్లు, అంటే ఆరు గంటలు. అదే తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టావనుకో, మొత్తం వంద వాట్లు కూడా కాదు, అదే బ్యాటరీ తెల్లారేదాకా లాగుతుంది. ముందు ఫ్యాన్లు మార్చు, తర్వాతే బ్యాటరీ సంగతి.

ట్యూబులర్ ఎందుకంటే, దేవరకొండలో ఏ మెకానిక్ అయినా చూస్తాడు. చెడిపోతే పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవచ్చు, పాత సీసానికి కూడా డబ్బులు వస్తాయి. రెండు మూడు నెలలకోసారి ఫ్లోట్ (నీళ్లు ఎంతున్నాయో చూపే గుర్తు) చూసి డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు.

పాలమూరు లెక్కల సార్:
"డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు" అని ఒక్క మాటలో అనేశారు. ఎవరు పోస్తారు సార్? పిల్లలు పట్నంలో, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. మోకాళ్ల నొప్పులతో వంగి ఆరు మూతలు విప్పి యాసిడ్ దగ్గర పని చేయమంటారా?

మా నాన్నగారికి అచ్చంపేట దగ్గర ఊళ్ళో ఇలాగే పెట్టించాను. నీళ్లు ఇంకిపోయాయి, ప్లేట్లు ఎండిపోయాయి. షాపుకు పోతే "మీరు నీళ్లు పోయలేదు, వారంటీ రాదు" అన్నారు. మే నెల ఉక్కలో ఆ ముసలాయన విసనకర్రతో రాత్రుళ్లు గడిపారు. ఇంకో విషయం. సీసం బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కకడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకు దాదాపు సగానికి పడిపోతుంది. మన పాలమూరులో, నల్లగొండలో మే నెలలో రేకుల గదిలో ఎంత ఉంటుందో నేను చెప్పాలా?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. నీళ్ల గొడవ లేదు, ఆవిరి లేదు, త్వరగా చార్జ్ అవుతుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. దాంతోపాటు పైకప్పు మీద సోలార్. కేంద్రం 2024లో మొదలుపెట్టిన సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 ఆపైన 78 వేలు సబ్సిడీ ఉంది.

వనపర్తి అక్క:
సబ్సిడీలో పెట్టించుకున్నాం. బిల్లు తగ్గింది, నిజమే. కానీ లైన్‌లో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతుంది, నెత్తిన మిట్టమధ్యాహ్నం ఎండ ఉన్నా సరే. కొనేముందు ఇది ఎవరూ చెప్పలేదు.

మిర్యాల వైరింగ్:
అక్క చెప్పిందే అసలు మాట. ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా లైన్‌కే కలిపేది, దాని ఇన్వర్టరు లైన్ చచ్చిపోగానే తనంతట తాను ఆగిపోవాలి, లేకపోతే స్తంభం మీద పని చేసేవాడికి షాక్ కొడుతుంది. కరెంటు పోయినప్పుడు పనికొచ్చే సోలార్ కావాలంటే లైన్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ కావాలి. సబ్సిడీ ప్యానెళ్ల కిలోవాట్లను బట్టే ఇస్తారు, బ్యాటరీకి వేరేగా ఏమీ రాదు. పైగా ఊళ్ళో ఇద్దరే ఉండే ఇంటికి, తెల్ల రేషన్ కార్డు ఉంటే, రాష్ట్రం ఇచ్చే గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లే కదా. ఆ ఇంటికి సోలార్ ఏం మిగులుస్తుంది సార్?

నీళ్ల విషయం. మీ నాన్నగారి బ్యాటరీలో ఏ నీళ్లు పోశారో అడిగారా? సగం బ్యాటరీలు చచ్చేది ఎండిపోయి కాదు, బోరు నీళ్లు పోయడం వల్ల. మన జిల్లా నీళ్లు తాగితే పళ్లే పాడవుతున్నాయి, ప్లేట్లు ఆగుతాయా? ఆర్‌వో ప్లాంటు నీళ్లు కూడా డిస్టిల్డ్ కాదు.

పాలమూరు లెక్కల సార్:
నీళ్లు పోయలేదని షాపువాళ్లు, తప్పు నీళ్లు పోశారని మీరు. ఎటు తిప్పినా తప్పు వాడుకునేవాళ్లదే అవుతోంది. అందుకే నీళ్లే అక్కర్లేనిది పెట్టమంటున్నాను.

మిర్యాల వైరింగ్:
హాలియాలో ఒకరికి మీరు చెప్పే లిథియమే బిగించిన. లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ బోర్డు లాక్ అయింది. నేను విప్పడానికి లేదు, విప్పితే వారంటీ పోతుంది. హైదరాబాద్ పంపమన్నారు. అది తిరిగి వచ్చేదాకా ఆ ఇల్లు చీకట్లోనే. కంపెనీవాడు ఫోన్ ఎత్తడు, ఆ కోపమంతా నా గుమ్మం ముందుకొచ్చి, నా పిల్లల ముందు నా మీద తీర్చుకున్నారు. ట్యూబులర్ అయితే ఆ సాయంత్రమే స్పేర్ బ్యాటరీ తెచ్చి పెట్టేవాణ్ణి.

సాగర్ రోడ్డు:
ఉడుకునీళ్లకు గ్యాస్ గీజరు పెట్టుకో తమ్ముడూ. రెండు సెల్స్ వేస్తే చాలు, కరెంటు అక్కర్లేదు.

వనపర్తి అక్క:
బాత్రూం లోపల మాత్రం వద్దు. తలుపు మూసి స్నానం చేస్తుంటే ఆ మంట గదిలో గాలిని తినేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే పడిపోతాడు. పెడితే గోడ బయట పెట్టాలి, పైపు మాత్రమే లోపలికి రావాలి.

జడ్చర్ల దోస్త్:
ఇన్ని లెక్కలెందుకు? చిన్న పెట్రోల్ జనరేటర్ కొనండి. మేము మెయిన్ ఆఫ్ చేసి, రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో హాల్లో సాకెట్‌కు కలుపుతాం. ఇల్లంతా వెలుగుతుంది.

మిర్యాల వైరింగ్:
ఆ వైరు ఇవాళే కోసి పారేయండి. కోపం వచ్చినా సరే, చెప్పి తీరుతా. ఒక్కరోజు మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే మీ 230 వోల్టులు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయి, అవతల 11 వేల వోల్టులై లైన్ ఎక్కుతాయి. లైన్ చచ్చింది కదా అని స్తంభం ఎక్కినవాడు ఏమవుతాడు? మా ఊళ్ళో ఒక హెల్పర్ అలాగే పైనుంచి పడ్డాడు. బతికాడు, కానీ కుడిచేయి పని చేయదు. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. జనరేటర్ పెట్టుకుంటే చేంజోవర్ స్విచ్ (లైనో, జనరేటరో ఒక్కటే ఇంటికి కలిసేలా చేసేది) ఉండాలి, జనరేటర్ కూడా ఇంటి బయట, పొగ కిటికీలోంచి లోపలికి రాని చోట ఉండాలి.

జడ్చర్ల దోస్త్:
ఏళ్ల తరబడి వాడుతున్నాం, ఎవరికీ ఏం కాలేదు.

మిర్యాల వైరింగ్:
మీకు కాలేదు. స్తంభం మీద ఉన్నవాడి గురించి నేను మాట్లాడుతున్నా.

పాలమూరు లెక్కల సార్:
ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ బ్యాటరీ విషయంలో కాదు. మీకు స్పేర్ పార్టుల వ్యాపారం ఉంది కాబట్టి ట్యూబులర్ అంటున్నారని నా అభిప్రాయం.

మిర్యాల వైరింగ్:
నేను వ్యాపారం కోసం రాస్తున్నానా? లిథియం అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ సార్. కనుక్కోండి.

చందంపేట రైతుబిడ్డ:
దయచేసి ఆపండి. డిస్టిల్డ్ వాటర్ మీద మీరిద్దరూ కొట్లాడుతుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మొదట్లో "చిన్న మిషను" అని రాసిన కదా, అది అమ్మ ఆక్సిజన్ మిషను. ఊపిరితిత్తులు పాడయ్యాయి, సీఓపీడీ అన్నారు. జీవితమంతా కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. రాత్రుళ్లు నిమిషానికి రెండు లీటర్ల మీద పెట్టాలి. పోయిన గాలివానకు కరెంటు పోతే మిషను బీప్‌మని మొత్తుకుంటుంటే నాయిన చీకట్లో ఫోన్ చేశాడు. నేను ఇక్కడ నుంచి ఏం చేయగలను?

నల్లగొండలో ఉన్న మా అక్క అమ్మను తన దగ్గరికి తీసుకుపోతానంటోంది. నాయిన గొడ్లను, పొలాన్ని విడిచి రానంటాడు, అమ్మ ఆయన్ని విడిచి పోనంటది. బ్యాటరీ గట్టిగా ఉంటే ఎవరూ కదలక్కర్లేదని నా ఆశ. అందుకే అడిగిన.

నల్లగొండ స్టాఫ్ నర్స్:
తమ్ముడూ, ఇది మొదటి రోజే రాయాల్సింది. అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే ఆ మిషను) 350 వాట్ల దాకా లాగుతుంది, ఫ్లో రెండు మీద పెట్టినా పెద్దగా తగ్గదు. 150 ఏహెచ్ బ్యాటరీ మీద మూడు గంటలు దాటడం కష్టం. 100 ఏహెచ్ లిథియం పెట్టినా అంతే. రాత్రంతా దాన్నే నమ్ముకోవద్దు.

ముందు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చిపెట్టండి. బీ టైప్ సిలిండర్‌లో 1500 లీటర్లు ఉంటాయి. నిమిషానికి రెండు లీటర్లంటే పన్నెండు గంటలు. దానికి కరెంటుతో పనిలేదు. రెగ్యులేటర్, తాళం స్పానర్ సిలిండర్‌కే కట్టి ఉంచాలి. నాన్నకు పట్టపగలే పదిసార్లు తిప్పించి అలవాటు చేయాలి. డాక్టర్ రాసిన రెండు లీటర్లకు మించి పెంచొద్దు, ఆయాసంగా ఉందని పెంచితే సీఓపీడీ ఉన్నవాళ్లకు కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తులోకి వెళ్తారు. బీడీ, అగర్‌బత్తి, దీపం ఏదీ ఆ గదిలో ఉండకూడదు.

కట్టెల బాయిలరు కూడా వద్దు. ఆ పొగే కదా అమ్మను ఈ స్థితికి తెచ్చింది. సోలార్ వాటర్ హీటర్ పెట్టండి, దానికి కరెంటు అక్కర్లేదు. బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఎక్కించండి, లేకపోతే గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది.

పాలమూరు లెక్కల సార్:
అయితే అసలు ప్రశ్న బ్యాటరీ కాదు. అమ్మ నల్లగొండకు రావాలి. అక్కడ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, ఊళ్ళో అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరున్నారు? గొడ్లను అమ్మేయొచ్చు. కొడుకు మనసు కుదుటపడడానికి పెద్దావిడ ప్రాణం బ్యాటరీ మీద పెట్టడం నాకు తప్పనిపిస్తోంది.

మిర్యాల వైరింగ్:
గొడ్లను అమ్మేయొచ్చని ఒక్క మాటలో అనేశారు సార్. మా నాయినను అలాగే పట్నం తెచ్చిన, అపార్టుమెంటులో పలకరించే మనిషి లేక మంచం పట్టాడు. ఊళ్ళో పక్కింటివాడు అర్ధరాత్రి పిలిస్తే పలుకుతాడు. నేను మొదట్నుంచీ ట్యూబులర్ అంటున్నది కూడా అందుకే. బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండాలి.

పాలమూరు లెక్కల సార్:
నేను లిథియం అంటున్నదీ దానికే. మా నాన్నకు పిలిస్తే పలికే మనిషి ఉన్నాడనే నమ్మాను, ఆయన రాలేదు. మనిషి వస్తాడని నమ్మి ఏర్పాటు చేయకూడదు.

వనపర్తి అక్క:
ఆ ఇంటి ఆడమనిషిని ఎవరైనా అడిగారా? అమ్మకు ఏం కావాలో అమ్మే చెప్పాలి.

చందంపేట రైతుబిడ్డ:
అడిగిన అక్కా, నిన్న రాత్రి. నాట్లు అయ్యేదాకా ఉంటా, ఆ తర్వాత చలికాలం పెద్దదాని దగ్గర ఉండి వస్తా అంది. నాయిన ఏమీ మాట్లాడలేదు. సిలిండర్, రెగ్యులేటర్ రేపు దేవరకొండలో తీసుకుంటున్న. మిర్యాల అన్నా, మిషనుకు ఏ ఇన్వర్టరు పెట్టాలి?

మిర్యాల వైరింగ్:
లైన్ కరెంటు లాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ తీసుకో, చవక రకం స్క్వేర్ వేవ్ మీద ఆ కంప్రెసర్ పాడవుతుంది. 24 వోల్టుల సిస్టం, రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు. బీఎల్‌డీసీ ఫ్యాన్లూ మిషనూ కలిపి అయిదు గంటల దాకా వస్తుంది, కరెంటు ఇంకా రాకపోతే సిలిండర్‌కు మారాలి. మిషనుకు విడిగా ఒక లైన్, ఒక ప్లగ్ పాయింట్ ఉండాలి, దాంట్లో ఇంకేదీ పెట్టకూడదు. ఎర్తింగ్ ఉందో లేదో మీటర్ బోర్డు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఆదివారం నేనే వచ్చి చూస్తా. లెక్కల సార్ చెప్పినట్టు నీళ్ల పని మీ నాయినకు పెట్టను, పక్కింటి పిల్లగాడెవరైనా ఉంటే వాడికి నేర్పిస్తా.

పాలమూరు లెక్కల సార్:
పిల్లగాడు డిగ్రీకి హైదరాబాద్ పోతే?

మిర్యాల వైరింగ్:
అప్పుడు నాకు ఫోన్ చేయమనండి సార్.