నగలు తీస్తేనే పరిశుద్ధతా? మరి కృప సంగతేంటి?

కొత్తపేట కుర్రాడు
అందరికీ వందనాలండి. మాది లూథరన్ కుటుంబం. చెల్లికి పాలకొల్లు వైపు ఒక సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి మంచోడు, చెల్లికీ నచ్చాడు. వాళ్లు వెళ్లేది వేరే సహవాసం, పేరు చెప్పను. ప్రధానం (నిశ్చితార్థం) నాటికి అమ్మాయి ఒంటి మీద నగ కనిపించకూడదు, చెవి కమ్మలతో సహా తీసేయాలి, మళ్లీ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి అని అక్కడి పెద్దలు కబురు పెట్టారు.

కృపచేతనే, అంటే మన యోగ్యత చూడని దేవుని దయచేతనే రక్షింపబడ్డాం, క్రియల వల్ల కాదు అని బైబిల్లో ఎఫెసీ 2లో చిన్నప్పటి నుంచి కంఠస్థం చేశాం. కమ్మలు తీస్తేగాని పరిశుద్ధురాలు కాదంటే ఇక ఆ కృప ఎందుకండి? అలాగని ఎలా బతికినా పర్లేదని నేననడం లేదు. పరిశుద్ధత లేకుండా ఎవడూ ప్రభువును చూడడని హెబ్రీ 12:14లో ఉన్న సంగతి నాకూ తెలుసు. బాప్తిస్మం గొడవ ఇక్కడ వద్దు, అది తెగదు. నగల సంగతి చెప్పండి.

అన్నట్టు, లాంఛనాల మాట మాత్రం అప్పుడే అయిపోయింది. కొంత డబ్బు, కొంత పొలం.

నరసాపురం బాబాయ్
బాబూ, నేను అలాంటి కూడికల్లోనే పెరిగినవాణ్ణి, కాబట్టి అటు పక్క మాట నేను చెబుతాను. ఇంగ్లండు మిషనరీలు బౌడన్, బీర్ దొరలు 1836లో మన డెల్టాకి వచ్చి పాలకొల్లు, నరసాపురాల్లో కాపురం పెట్టి సువార్త చెప్పారు. అప్పటి నుంచీ ఈ కాలవ గట్ల మీద మందిరాల్లో ఎవరు కూర్చున్నారో ఆలోచించు. పొలం ఉన్న ఇంటావిడ మెడలో కాసులపేరు, నాట్లు వేసి వచ్చిన ఆవిడ మెడలో పసుపుతాడు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే రొట్టె విరవాలి. నగ తీసేయమన్నది ఎవరినో అవమానించడానికి కాదు, రెండో ఆవిడ తలెత్తుకుని కూర్చోవాలని. 1 పేతురు 3:3, 1 తిమోతి 2:9 తీసి చదువు.

ఇక కృప అంటావా, తీతుకు 2:11, 12 చూడు. రక్షణ తెచ్చిన ఆ కృపే భక్తిహీనతను, లోక సంబంధమైన దురాశలను విడిచిపెట్టమని మనకు నేర్పుతోందని పౌలు రాశాడు. క్షమించి ఊరుకునేది కాదు కృప, వద్దన్నదాన్ని వద్దని చెబుతుంది కూడా. ఈ రోజుల్లో ప్రసంగాల్లో మొదటి సగమే వినిపిస్తోంది.

యానాం రాజు
మా పెద్దమ్మ గారింట్లో కూడా తీయించారండి. తీసి బీరువాలో పెట్టారు. ఇప్పుడు ఆ బీరువా చాలా పరిశుద్ధంగా ఉంది.

రాజమండ్రి లూథరన్
రాజు గారూ 😀

బాబాయ్ గారి చాప మాట బావుంది, ఒప్పుకుంటాను. కానీ వరుస తిరగబడింది. గలతీయ సంఘంలో జరిగిందీ ఇదే. క్రీస్తును నమ్మిన అన్యజనులను సున్నతి కూడా చేయించుకుంటేనే లోపలికి రానిస్తామన్నారు కొందరు. పౌలు అంత కోపంగా రాసిన పత్రిక ఇంకోటి లేదు. అక్కడ సున్నతి, ఇక్కడ కమ్మలు. గడప దగ్గర షరతు పెట్టారంటే అది కృప కాదు, ప్రవేశ రుసుము.

మా సంఘానికి మూలపురుషుడైన జర్మనీ సంస్కర్త లూథర్ 1520లో స్పష్టంగా చెప్పాడు: మంచి పనులు మనిషిని మంచివాణ్ణి చేయవు, మంచివాడైన మనిషి మంచి పనులు చేస్తాడు. పనులు వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. విట్టెన్‌బర్గ్‌లో ఆయన శిష్యుడు అగ్రికోలా, విశ్వాసికి ధర్మశాస్త్రంతో పనేముందని మొదలుపెడితే 1537 నుంచి లూథర్ అతని మీద వాదాలే నడిపాడు. మావాళ్లు కృప పేరు చెప్పి బద్ధకంగా పడుకున్నారని అనేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. (పడుకున్నవాళ్లు మాలో లేరని మాత్రం అననులెండి.)

గౌరీపట్నం భక్తుడు
కేథలిక్కుగా ఒక మాట. కృపా, క్రియలా అన్న ఈ విషయం మీద మావాళ్లూ లూథరన్లూ ఒకరినొకరు శపించుకున్న కాలం ఉంది. మా బిషప్పుల ట్రెంట్ సభ దీని మీద తీర్మానం చేసింది 1547లో. ఆ తర్వాత 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇద్దరూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మన యోగ్యత ఏమీ లేకుండా కృపవల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ దేవుడే పరిశుద్ధాత్మనిచ్చి మన హృదయాలను కొత్తగా చేసి మంచి పనులకు సిద్ధపరచి పిలుస్తాడు అన్నది దాని సారం. 2006లో మెథడిస్టులు కూడా దానికి ఒప్పుకున్నారు. అంత పెద్ద గొడవే ఒక కొలిక్కి వచ్చింది, మనం కమ్మల దగ్గర ఆగాం.

ముమ్మిడివరం టీచరమ్మ
ఇక్కడ రాసినవాళ్లంతా మగవాళ్లే, నగలు మాత్రం మావి. సరే.

నేను పరిశుద్ధులై యున్నాను గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలని 1 పేతురు 1:16లో ఉన్న మాట పేతురు సొంతం కాదు, లేవీయకాండం నుంచి తీసుకున్నాడు. ఆ 19వ అధ్యాయం ఒక్కసారి పూర్తిగా చదవండి. పరిశుద్ధులై ఉండండి అని రెండో వచనంలో చెప్పాక దేవుడు దేని గురించి మాట్లాడాడు? పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరొద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయండి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు. తీర్పులో గొప్పవాడి ముఖం చూడొద్దు. చివరికి తూనికలూ కొలతలూ: తక్కెడ సరిగా ఉండాలి. పచ్చబొట్ల మాట, గడ్డం మాట కూడా ఉన్నాయి, దాచను. కానీ ఎక్కువ వచనాలు పక్కవాడి పొట్ట గురించే.

ఇప్పుడు మన ఊళ్లు చూడండి. కోత మిషను వచ్చాక పరిగె ఏరుకునే ముసలివాళ్లకు చేలో ఏం మిగులుతోంది? ధాన్యం తేమ చూసే దగ్గర, కాటా దగ్గర, రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) చూసే దగ్గర ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నరసాపురం వైపు మిషనరీ దొరసానులు నేర్పిన లేసు అల్లకం ఉంది కదా. అరుగు మీద కూర్చుని కళ్లు పోయేలా అల్లినావిడ చేతికి వచ్చేదెంత, మధ్యలో తినేదెంత? చేను కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతోందని యాకోబు 5:4లో ఉంది. ఈ వచనం మీద ప్రసంగం నేను ఒక్కటీ వినలేదు. కమ్మల మీద మాత్రం చాలా విన్నాను.

రాజమండ్రి తమ్ముడు వరుస అన్నాడు. ఆ అధ్యాయంలోనే ఉంది వరుస. తక్కెడ మాట చెప్పాక వెంటనే, మిమ్మల్ని ఐగుప్తు నుంచి రప్పించిన దేవుణ్ణి నేనే అంటాడు. విడిపించడం ముందు, తక్కెడ తర్వాత. తక్కెడ సరిచేసుకుని రండి, అప్పుడు విడిపిస్తాను అనలేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథలోనూ అంతే. ప్రభువు ఆయనింటికి భోజనానికి వెళ్లాడు, జనం సణిగారు. ఆ తర్వాతే సగం ఆస్తి బీదలకిస్తా, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తా అన్నాడు. ఎవరూ అడగలేదు. ఎంత ఇవ్వాలో పెద్దలు కూర్చుని తీర్మానించలేదు. కృప తగిలితే ముందు కదిలింది ఆయన డబ్బు సంచి.

అందుకే కొత్తపేట బాబూ, నువ్వు చివర్లో అన్నట్టు అని రాశావు చూడు, అసలు ప్రశ్న అదే. అమ్మాయి చెవి నుంచి అరకాసు బంగారం తీయించి, వాళ్ల నాన్న దగ్గర పొలం తీసుకునే పరిశుద్ధత ఏ పత్రికలో ఉంది? కట్నం 1961 నుంచి చట్టం ప్రకారం కూడా నేరమే. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు దూరం పెట్టాల్సి వస్తే కట్నం తీసుకున్నవాణ్ణి పెట్టాలి. మా సంఘంలోనూ పెట్టరు, అది వేరే సంగతి.

మోడరేటర్
ఎవరూ సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు రాయకండి. ఒక రిప్లై తీసేశాను.

నరసాపురం బాబాయ్
టీచరమ్మ గారూ, కట్నం విషయంలో మీతో వాదం లేదు. ఎకరాలు పుచ్చుకుని నిరాడంబరం అనడం సిగ్గుచేటు.

కానీ నియమాలను అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా నాన్న సారా తాగేవాడు. కూలి డబ్బులు ఇంటికి వచ్చేవి కావు. ఆయన మారుమనస్సు పొందిన రోజు నుంచి ఆ కూడికలో పెద్దలు ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. సాయంత్రమైతే ఇంటికొచ్చి కూర్చునేవారు. సంక్రాంతికి కోడిపందేల బరి వైపు వెళ్లనిచ్చేవారు కాదు. మీరు చెప్పిన కూలి, పిల్లల పొట్ట, అన్నీ ఆ కట్టుబాటు వల్లే నిలబడ్డాయి. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని రోమా 6లో పౌలు ఊరికే అడగలేదు. స్వేచ్ఛ అని ఆదివారం చెప్పి, సోమవారం బరి దగ్గర చేతిలో నోట్లతో కనిపించేవాళ్లని నేను చూశాను. వాళ్లెవరూ మా కూడికవాళ్లు కాదు.

రాజమండ్రి లూథరన్
అదేనండి బాబాయ్ గారూ! నాన్నగారిని ముందు చేర్చుకుని తర్వాత పక్కన కూర్చున్నారు. తాగుడు మాని ఆర్నెల్లయ్యాక రా, అప్పుడు బల్ల దగ్గర చోటిస్తాం అనలేదు కదా. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో కూడా ప్రభువు శిక్ష విధించనని ముందన్నాడు, ఇక పాపం చేయకు అని తర్వాతన్నాడు. రెండూ అన్నాడు. మీరు రెండోది పట్టుకున్నారు, మావాళ్లు మొదటిది పట్టుకున్నారు.

నరసాపురం బాబాయ్
బల్ల దగ్గర చోటు వెంటనే ఇవ్వలేదు బాబూ. కొన్నాళ్లు ఆపారు. ఆపినా ఇంటికి రావడం మానలేదు. రెండూ కుదురుతాయి.

కొత్తపేట కుర్రాడి చెల్లి
నమస్తే. అన్నయ్య ఫోన్‌లో ఇదంతా చదివాను. నన్ను తప్ప అందరినీ అడిగాడు.

కమ్మలు తీయడం నాకు పెద్ద కష్టం కాదు. బాబాయ్ గారు చెప్పిన చాప మాట కోసమైతే ఇప్పుడే తీసేస్తాను. పెళ్లికి షరతుగా మాత్రం తీయను. టీచరమ్మ గారి రిప్లై స్క్రీన్‌షాట్ తీసి ఆ అబ్బాయికి పంపాను. లాంఛనం వద్దని వాళ్ల నాన్నగారితో ఆయనే చెప్పాలి అన్నాను. చెబుతానన్నారు. ఇంకా చెప్పినట్టు లేదు.

నరసాపురం బాబాయ్
అమ్మా, ఆ అబ్బాయి నోరు విప్పకపోతే ఇక్కడ రాయి. ఆ వైపు పెద్దల్లో నాకు తెలిసినవాళ్లున్నారు, లాంఛనం సంగతి నేను వెళ్లి మాట్లాడతాను. కమ్మల విషయంలో మాత్రం నా మాట మారలేదు.