గుమ్మం బయట కూర్చుని వింటే రాగాలు పట్టుబడతాయా?

ప్రశ్న

మా అమ్మాయిని వారానికి రెండు రోజులు గాత్రం క్లాసుకి తీసుకెళ్తాను. క్లాసు అయ్యేదాకా తలుపు బయట బెంచీ మీద కూర్చుంటాను. ఏడాది కావస్తోంది. మొదట్లో నేర్పే సరళీ స్వరాలు, జంట స్వరాలు అనే పాఠాలు రోజూ అవే, అయినా వింటూ వింటూ నాకే ఇష్టం పట్టుకుంది. మొన్న ఒక కచేరీకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆలాపన మొదలవగానే ముందు వరసలో ఒకాయన "మోహన" అన్నారు, పక్కాయన "కాదు, హంసధ్వని" అన్నారు. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. అందరూ తొడ మీద తాళం వేస్తుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాకు 43 ఏళ్లు. నేర్చుకోకుండా వింటే చాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి జవాబు

రండమ్మా. నేను పాడను, వాయించను. 22 ఏళ్లుగా వింటున్నానంతే. మొదట్లో ఒక కచేరీలో "ఇదేం రాగమండీ" అని పక్కనున్నాయన్ని అడిగితే ఆయన నవ్వి అటు తిరిగిపోయారు. ఆ తర్వాత మూడేళ్లు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ మూడేళ్లు మీకు పోకూడదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీకు ఒక రాగం ఇప్పటికే వచ్చు. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో ఉంటాయి. పాఠాలకి ఆ రాగాన్ని పెట్టింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఏడాదిగా దాన్ని ఎన్ని వందల సార్లు విన్నారో లెక్క వేసుకోండి! ఇప్పుడు దాని నడక గమనించండి. స పక్కనే ఆనుకుని రి. అక్కణ్నించి గ కి పెద్ద అంగ. గ పక్కనే మ. మళ్లీ ప పక్కనే ధ, పెద్ద అంగ వేసి ని, దాని పక్కనే పై స. దగ్గర, దూరం, దగ్గర. రెండు సగాలూ ఒకే అచ్చు. ఇంటికెళ్లి త్యాగరాజస్వామి "తులసీదళములచే" వినండి. అదీ మాయామాళవగౌళే. ఒకే గొంతులో కాదు, కనీసం ముగ్గురివి వినండి. గొంతులు మారినా మారకుండా వినిపించేదే రాగం.

ఇక మోహన, హంసధ్వని. రెంటికీ ఐదేసి స్వరాలు. అందులో స, రి, గ, ప నాలుగూ ఒకటే. మోహనలో ఐదోది ధ, హంసధ్వనిలో ని. పాట ఆ నాలుగు స్వరాల్లోనే తిరుగుతున్నంతసేపూ అలవాటున్న చెవి కూడా తడబడొచ్చు. మీ ముందు కూర్చున్నవాళ్లకి జరిగింది అదే అయి ఉంటుంది. హంసధ్వనిలో ని పై స కి ఆనుకుని ఉంటుంది, అందుకే స లోకి ఇట్టే జారిపోతుంది. మోహనలో ధ నుంచి స కి దూకాలి. ఆ దూకుడు కోసం చెవి పెట్టుకుని ఉండండి.

72 మేళకర్తల (మిగతా రాగాలకి మూలమైన రాగాల) పట్టిక ఇప్పుడే తెరవకండి. అందులో మీ మాయామాళవగౌళ 15వది, ప్రస్తుతానికి అంత చాలు.

తాళానికి ఆదితాళం ఒక్కటి చాలు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం, అది రెండుసార్లు. మొత్తం 8. తప్పిపోతే ఆపేసి ఊరికే వినండి, మళ్లీ దెబ్బ దొరికినప్పుడు కలవచ్చు.

రెండో జవాబు

పై మాట నిజమే కానీ నేనైతే స్వరాల కంటే ముందు సాహిత్యం చదవమంటాను. మనకి తెలుగు వచ్చు, అది చిన్న వరం కాదు. అదే "తులసీదళములచే" తీసుకోండి. అనుపల్లవిలో, అంటే పల్లవి తర్వాత వచ్చే భాగంలో, "పలుమారు" అంటాడు. చరణంలో పున్నాగ, చంపక, మల్లిక అని పూలన్నీ వరసగా చెప్పి "ఒక పర్యాయము" అంటాడు. పూలతో ఒక్కసారి, తులసితో పలుమార్లు! పాడేటప్పుడు మాటలు విరిగిపోతాయి కాబట్టి ఈ అందం చెవికి అందదు. కాగితం మీద ఒకసారి చదువుకుని వింటే పాట ఇంకోలా తెరుచుకుంటుంది.

మూడో జవాబు

మృదంగం నేర్చుకుంటున్నాను. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, వచ్చినప్పుడు దయచేసి లేచి వెళ్లకండి. చివర్లో ముక్తాయింపు, అంటే ముగింపు దరువు, మూడుసార్లు వస్తుంది. మూడోది ముగిసి పాట ఎత్తుగడని, అంటే పాట మొదలయ్యే చోటుని, సరిగ్గా అందుకుంటుంది. ఆ క్షణంలో హాలంతా ఎందుకు "ఆహా" అంటుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అడిగినవారు, తొమ్మిది రోజుల తర్వాత

నలుగురి గొంతుల్లో విన్నాను. చరణం కాగితం మీద రాసుకున్నాను, "ఒక పర్యాయము" దగ్గరికి వచ్చేసరికి కళ్లు చెమర్చాయి. హంసధ్వని ఇంకా సగం సగమే దొరుకుతోంది. నిన్న మాత్రం బెంచీ మీద కూర్చుని ఉండగా మా అమ్మాయి రి కొంచెం పైకి పెట్టింది. టీచరు ఆపి దిద్దకముందే అది తప్పిందని నాకు తెలిసిపోయింది.