ఆగస్టు 12 సంపూర్ణ సూర్యగ్రహణం: బుర్గోస్‌లో మబ్బు పడితే ఎటు వెళ్లాలి?

రేవతి_లండన్:
2026 ఆగస్టు 12 గ్రహణానికి లండన్ నుంచి స్పెయిన్ వెళ్తున్నాం. ఆరేళ్ల బాబు, అత్తగారు, మామగారు, మేమిద్దరం. బుర్గోస్‌లో గది, అద్దె కారు బుక్ చేశాం. ఆ రోజు మబ్బు పడితే ఉత్తరాన సముద్ర తీరానికి వెళ్లడం మంచిదా?

గ్రహణప్రియుడు:
తీరం వద్దండి. బిస్కే అఖాతం తేమగాలి కాంటాబ్రియన్ కొండలకు తగిలి అటువైపే మబ్బు కడుతుంది. కొండలకు దక్షిణాన ఉన్న పీఠభూమి ఆగస్టులో పొడిగా ఉంటుంది, బుర్గోస్ అక్కడిదే. కదలాల్సి వస్తే పశ్చిమాన పాలెన్సియా, లెయోన్ వైపు, లేదంటే ఆగ్నేయాన సోరియా వైపు వెళ్లండి. మాడ్రిడ్ దాకా మాత్రం దిగొద్దు. అక్కడ 99 శాతం పైగా మూసుకున్నా కరోనా (సూర్యుడి చుట్టూ తెల్లగా మెరిసే వలయం) కనిపించదు.

అసలు చిక్కు సూర్యుడి ఎత్తుతో. బుర్గోస్‌లో సంపూర్ణ దశ అక్కడి టైమ్ ప్రకారం సాయంత్రం 8:29 ప్రాంతంలో, సుమారు 1 నిమిషం 44 సెకన్లు. అప్పటికి సూర్యుడు 8 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే 5 కి.మీ. ఎత్తున్న మబ్బు 35 కి.మీ. అవతల ఉన్నా మీకు అడ్డమే, పైపొర మబ్బైతే 70 కి.మీ. అవతల ఉన్నా అడ్డమే. నెత్తిన నీలాకాశం చూసి నమ్మకండి. ఫోర్‌కాస్ట్‌లో పశ్చిమ వాయవ్యంగా అంత దూరమూ చూడాలి.

మబ్బులవేట:
11 రాత్రి దాకా ఫోర్‌కాస్ట్ మోడళ్లు, 12 మధ్యాహ్నం నుంచి శాటిలైట్ చిత్రాలే. ఎండకు పుట్టే చిన్న దూదిమబ్బులు గ్రహణం ముదిరి నేల చల్లబడుతుంటే చాలాసార్లు కరిగిపోతాయి, వాటికోసం పరుగెత్తక్కర్లేదు. ఉరుముల మబ్బు పైభాగాన పరుచుకునే పొర అలా కరగదు, అది పడమర కనిపిస్తే కదలండి. 5 గంటలకల్లా తేల్చుకుని 6:30కల్లా ఒకచోట ఆగాలి. పట్టు 7:30 దాటాక. పొద్దున్నే ట్యాంకు నింపండి.

రేవతి_లండన్:
బాబు కళ్ల సంగతి? మామగారు విడుపు అయ్యేదాకా తినరు కూడా.

తారాపథం:
గ్రహణం చూసే కళ్లద్దాల మీద ఐఎస్ఓ 12312-2 (వాటి భద్రతా ప్రమాణం) అని ఉండాలి, గీత పడితే వాడొద్దు. కాగితపు అద్దాలు చిన్న ముఖం మీద జారతాయి, వెనక ఎలాస్టిక్ కట్టండి. చివరి మెరుపు చుక్క ఆరిపోయాకే తీయాలి, మళ్లీ చుక్క మెరవగానే పెట్టేయాలి.

11న అదే టైముకు గ్రహణం చూడాలనుకున్న చోటే నిలబడి సూర్యుడు చెట్టు చాటుకో మిట్ట చాటుకో పోతున్నాడేమో చూడండి. చాచిన చేతి పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, సూర్యుడు అంతకంటే కిందే. విడుపు దాదాపు సూర్యాస్తమయ వేళకే కాబట్టి మామగారికి మధ్యాహ్నం 2 లోపే భోజనం పెట్టేయండి. ఊరు 860 మీటర్ల ఎత్తులో ఉంది, స్వెటర్లు కావాలి. వెంటనే బయల్దేరితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఆ రాత్రి పెర్సీడ్ ఉల్కలూ జోరుగా ఉంటాయి, పైగా అమావాస్య. ఇంకో రెండు గంటలు అక్కడే ఉండండి.