వారానికో కథా, ఏళ్ల తరబడి ఒకే కథా? అంతరిక్ష సీరియళ్లు ఎట్లా ఉండాలి?

బురుజు_కర్నూలు:
ఇప్పుడొచ్చే స్పేస్ సీరియళ్లు ఎక్కువగా సీజనుకు పది ఎపిసోడ్లు, అన్నీ కలిపి ఒకే కథ. మూడోది చూడకపోతే నాలుగోది అర్థం కాదు. స్టార్ ట్రెక్ 'ది నెక్స్ట్ జనరేషన్' 1987 నుంచి 1994 దాకా 178 ఎపిసోడ్లు నడిచింది. దాదాపు ఏది పెట్టినా గంటలోపు కథ మొదలై ముగుస్తుంది. 'ది ఇన్నర్ లైట్' అనే ఎపిసోడ్లో నౌక కెప్టెన్ పికార్డ్ పాతిక నిమిషాలు స్పృహ తప్పి పడిపోతాడు. ఆ కాసేపట్లోనే, ఎప్పుడో నశించిన ఒక గ్రహం మీద పెళ్లాం పిల్లలతో ముసలితనం దాకా బతికేస్తాడు. లేచేసరికి చేతికి మిగిలింది ఒక పిల్లనగ్రోవి. దానికి ముందొచ్చినవేవీ చూడనక్కర్లేదు. ఎన్నేళ్లు నడిచినా సీరియల్ ఇట్లాగే నడవాలి.

గండికోట_దారి:
అన్నా, 178లో మంచివెన్ని? రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ పాత సీన్ల ముక్కలు అతికించి వదిలారు. అంతరిక్ష స్టేషన్ మీద నడిచే బాబిలన్ 5 సీరియల్ చూడు. దాన్ని సృష్టించిన స్ట్రాజిన్‌స్కీ ఐదేళ్ల కథ ముందే అనుకుని, మొత్తం 110 ఎపిసోడ్లలో ఎక్కువ శాతం తానే రాశాడు. మొదటి సీజన్లో మాయమైన బాబిలన్ 4 స్టేషన్ సంగతి మూడో సీజన్లో తేలుతుంది. చూసేవాడి జ్ఞాపకశక్తికి విలువిచ్చినట్టు అదీ.

బురుజు_కర్నూలు:
1988లో హాలీవుడ్ రచయితల సమ్మె జరిగింది, ఆ సీజన్ 22 ఎపిసోడ్లకు తగ్గింది. ఆ ఇబ్బంది లెక్కలోకి తీసుకోవా? ఇక నీ ఐదేళ్ల ప్లాన్ సంగతి. మొదటి సీజన్ కాగానే హీరో మారాడు. నాలుగుతోనే ఆపేస్తారేమోనని ముఖ్యమైన కథంతా అక్కడే తొందరతొందరగా కుక్కారు. తీరా ఐదోది వేరే చానల్లో వచ్చింది.

క్లాక్‌టవర్_అనంతపురం:
నేను రెండూ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండప్పా.

గండికోట_దారి:
సమ్మె 1988 ఆగస్టులోనే ముగిసింది. ఆ అతుకుల ఎపిసోడ్ వచ్చింది 1989 జులైలో. డబ్బు మిగుల్చుకోవడానికి తీశారన్నా దాన్ని.

బురుజు_కర్నూలు:
ఒక్క ఎపిసోడ్ పట్టుకుని వేలాడతావేం సామీ? అదే సీజన్లో 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఉంది. డేటా అనే యంత్రమనిషి మనిషా, అంతరిక్ష నౌకాదళం ఆస్తా అని విచారణ జరుగుతుంది. వాదించేదీ స్నేహితుడే, ఎదురు వాదించేదీ స్నేహితుడే. దాని గురించి ఒక్క ముక్క అనవు!

ఏడురోడ్లు_కడప:
వింత కేసులు ఛేదించే ఎఫ్‌బీఐ ఏజెంట్ల సీరియల్ ఎక్స్ ఫైల్స్ పేరు ఒక్కరూ ఎత్తరేం? అందులో రెండు రకాలూ ఉన్నాయి కదా. వారానికో వింతజీవి కథలే బాగుంటాయి, ఆ ప్రభుత్వ కుట్ర కథే చివరికి ఎటూ తేలలేదు.

బురుజు_కర్నూలు:
చూశారా! నేననేది అదే.

గండికోట_దారి:
ఎక్స్ ఫైల్స్‌లో దారి ముందే అనుకోలేదు కాబట్టి తేలలేదు. అది పద్ధతి తప్పు కాదు. నీ పద్ధతిలో తీసిన ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ వాయేజర్ సంగతి చెప్పు. నౌక ఇంటికి డెబ్భై వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. సాయం చేసే దిక్కు లేదు. అయినా వారం తిరిగేసరికి తళతళలాడుతూ కనిపిస్తుంది! 'ఇయర్ ఆఫ్ హెల్' రెండు భాగాల్లో నౌక తునాతునకలవుతుంది, మనుషులు పోతారు, ఒకతనికి చూపు పోతుంది. ఆఖర్న కాలం వెనక్కి తిరిగి ఏమీ జరగనట్టే అయిపోతుంది. అంతసేపూ గుండె చిక్కబట్టుకుని చూసినవాణ్ని మోసం చేయడం కాదా ఇది?

బురుజు_కర్నూలు:
నీకు ఇంటర్నెట్ ఉంది, మొదటి నుంచి వరసగా పెట్టుకుని చూస్తావు. మేము చూసిన రోజులు వేరు. సరిగ్గా ఆ టైముకే కరెంటు పోయేది. మా వీధి కేబుల్ ఆయన చెప్పాపెట్టకుండా ఇంగ్లీషు చానల్ తీసేసి సినిమాల చానల్ పెట్టాడు. అడిగితే "మీ ఒక్క ఇంటి కోసం పెట్టాలా?" అన్నాడు. దొరికిన ఒక్క ఎపిసోడే మాకు మొత్తం సీరియల్. నువ్వు పొగిడే రకం అయ్యుంటే నాకు అసలు దక్కేదే కాదు. వరసగా చూసే వసతి ఉన్నోళ్లే అభిమానులా?

క్లాక్‌టవర్_అనంతపురం:
కొంచెం తగ్గండన్నా ఇద్దరూ.

గండికోట_దారి:
నేను వసతి గురించి అనలేదు. సూటిగా చెప్తా విను. మాది రిజర్వాయరు కింద మునిగిన ఊరు. మా అమ్మ ఇప్పటికీ దారి చెప్పాలంటే ఆ ఊరి రావిచెట్టు, రచ్చబండ గుర్తులతోనే చెప్తుంది. ఇల్లు పోయినవాళ్లు వచ్చే వారానికి మామూలైపోరు. స్టార్ ట్రెక్‌లోనే డీప్ స్పేస్ నైన్ అనే సీరియల్ నాకు అందుకే ప్రాణం. అందులో బజోర్ గ్రహం జనం కార్డాసియన్లనే ఇంకో జాతి ఆక్రమణ కింద నలిగిపోయారు. ఆ నొప్పి బజోర్ మనిషైన మేజర్ కీరా మాటలో, కోపంలో ఏడు సీజన్లూ ఉంటుంది. పోయింది పోయినట్టే గుర్తుంచుకునే సీరియల్ కావాలి నాకు. నౌకకు మళ్లీ రంగేసి తెచ్చేది వద్దు.

బురుజు_కర్నూలు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఆ సమ్మె గొడవ మనకు ఉండేదే కాదు.
అయినా ఒకటి అడుగుతా. నీ డీప్ స్పేస్ నైన్‌లోనే మొదటి సీజన్లో 'డ్యుయెట్' అనే ఎపిసోడ్ ఉంది. చాలాసేపు ఒకే గది, కీరా, ఎదురుగా ఒక కార్డాసియన్ ఖైదీ. బజోర్ జనాన్ని హింసించిన శిబిరాన్ని తానే నడిపిన క్రూరుణ్నని గర్జిస్తాడు. చివరికి తేలేదేమంటే, అతను అక్కడ ఫైళ్లు రాసుకున్న గుమాస్తా. రాత్రిళ్లు ఆ జనం అరుపులు వినలేక చెవులు మూసుకున్నవాడు. తన జాతి నేరానికి తనకు శిక్ష పడాలని వచ్చాడు. అంత నొప్పీ ఒక్క గంటలో చెప్పలేదా?
మా నాన్నకు ఇంగ్లీషు రాదు. చూసిన కథ తెల్లారి టీ దగ్గర ఆయనకు చెప్పేవాణ్ని. డేటా విచారణ చెప్తే "వాణ్ని వదిలేశారా లేదా?" అని గ్లాసు పక్కన పెట్టి మరీ అడిగాడు. ఐదేళ్ల కథను టీ తాగేలోపు చెప్పలేను కదా. ఇంకొకరికి పూర్తిగా చేరే కథ కావాలి నాకు.

గండికోట_దారి:
'డ్యుయెట్' కాదనను. కానీ అక్కడితో ఆగి ఉంటే కీరా అంతగా మారేది కాదు. ఏడో సీజన్లో ఆమే వెళ్లి కార్డాసియన్లకు తిరుగుబాటు నేర్పిస్తుంది. ఏ జాతిమీద పోరాడిందో వాళ్లకే! అది నమ్మాలంటే నాకు ఆ ఏడేళ్లూ కావాలి. ఇందులో నేను తగ్గను అన్నా.

బురుజు_కర్నూలు:
నేనూ తగ్గను.

క్లాక్‌టవర్_అనంతపురం:
సరే, 'డ్యుయెట్' ఒక్కటే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ రాత్రికి అదే పెడుతున్నా. అంతకుముందువి చూడకపోయినా అర్థమవుతుందా?

బురుజు_కర్నూలు:
అవుతుంది.

గండికోట_దారి:
మొదటి ఎపిసోడ్ కూడా చూడు, తర్వాత ఇది పెట్టు.