నిష్కపటం అంటే మైనం లేనిదా? గ్రీకుల అసలు మాట ఏంది?

హన్మకొండ తమ్ముడు:
అందరికి వందనాలు. వచ్చే ఆదివారం మా సంఘంల యూత్ మీటింగ్ ఉన్నది, పది నిమిషాలు నన్ను మాట్లాడమన్నరు, టాపిక్ సిన్సియారిటీ. మొన్న బయటికెళ్ళి వచ్చిన ఒక స్పీకర్ ఒక కథ చెప్పిండు, పాతకాలంల శిల్పులు బొమ్మకు పగులొస్తే మైనం పెట్టి కప్పి అమ్మేటోళ్ళట, ఇంటికి తీస్కపోయి ఎండల పెడితే మైనం కరిగి పగులు బయటపడేదట, అందుకే నిజాయితీ ఉన్న శిల్పి దుకాణం ముందట ‘సినే సెరా’ అంటే మైనం లేదు అని రాసిపెట్టేటోడట, ఆ మాటే సిన్సియర్ అయిందట, ఫిలిప్పీ 1:10 ల పౌలు రాసింది గూడ గదేనట. నాకు మస్తు నచ్చి ఒక మట్టి బొమ్మ, రెండు క్యాండిల్స్ గూడ కొనుక్కొచ్చిన, స్టేజీ మీద కరిగించి చూపిద్దామని. మా బావ ఏమో ఇది వాట్సాప్ కథరా, పరువు తీస్కోకు అంటుండు. నిజమేందో తెల్సినోళ్ళు చెప్పండి.

ఇంకోటి, ఇది మీటింగ్‌ల అడగలేక ఈడ అడుగుతున్న. ఆర్నెల్ల సంది ప్రార్థన చేస్తుంటే లోపల ఏం అనిపిస్తలేదు. అమ్మ బాధపడుతదని మోకాళ్ళ మీద కూసుంటున్న అంతే. గట్లాంటోడు నిష్కపటం మీద మాట్లాడుడు ఏంది అని నాకే నవ్వొస్తుంది.

కరీంనగర్ సార్:
తమ్మీ, మీ బావ చెప్పింది కరెక్టే. మొదలు సంగతి, ‘సినే సెరా’ లాటిన్, గ్రీకు కాదు. పౌలు ఫిలిప్పీయులకు రాసింది గ్రీకుల, ఆయన వాడిన మాటకు మైనానికి సంబంధమే లేదు. సిన్సియర్ అనే ఇంగ్లీషు మాట లాటిన్ ‘సిన్‌కేరుస్’ నుంచి వచ్చిన మాట నిజమే, కానీ దాని పుట్టుక మైనం కాదు అని డిక్షనరీలు రాసేటోళ్ళే అంటరు, ఒక్కటే పెరుగుదల, అంటే కల్తీ లేకుండ ఒక్కటే జాతిగ పెరిగింది అనే అర్థం నుంచి వచ్చి ఉంటది అనేదే ఎక్కువమంది ఒప్పుకునేది.

ఇగ గ్రీకు మాట. ‘ఎయిలిక్రినేస్’, దాని నుంచి ‘ఎయిలిక్రినేయ’. ఫిలిప్పీ 1:10 ల మన తెలుగు బైబిల్ల ‘నిష్కపటులును’ అని ఉన్నది చూడు, అదే. 1 కొరింథీ 5:8, 2 కొరింథీ 1:12, 2:17 ల ‘నిష్కాపట్యము’ అన్నరు, 2 పేతురు 3:1 ల మాత్రం అదే మాటను ‘నిర్మలమైన’ అని తర్జుమా చేసిన్రు. నన్నడిగితే అర్థానికి దగ్గరున్నది ఆ నిర్మలమే, ఎందుకంటే గ్రీకుల ఈ మాటకు వేరేది కలవనిది, స్వచ్ఛమైనది అనేదే వాడుక. పౌలుకు నాలుగు వందల ఏండ్ల ముందు గ్రీకు తత్వవేత్త ప్లేటో గూడ కల్తీ లేని ఆలోచన అనే అర్థంల వాడిండు. ఎండ వెల్తురుల పట్టి చూసి తేల్చినది అని ఈ మాటను విడగొట్టి చెప్పేటోళ్ళు గూడ ఉన్నరు, ‘హేయిలే’ అంటే ఎండ, ‘క్రినో’ అంటే తీర్పు చెప్పుడు అని. వినడానికి బాగుంటది గని దాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు, స్టేజీ మీద గ్యారంటీగ చెప్పకు.

1 కొరింథీ 5:8 చదువు, పులిపిండి సంగతి. పస్కా పండుగకు ముందు యూదులు ఇల్లంత వెతికి పులిసింది ఏది ఉన్నా బయటపడేస్తరు. పౌలు దాన్ని పట్టుకొని నిష్కాపట్యము, సత్యము అనే పులియని రొట్టెతోని పండుగ చేస్కుందాం అంటడు. అంటే ఏది కలవలేదో అది. మన జొన్నరొట్టె తినేటోళ్ళకు ఇది చెప్తే తొందరగ అర్థమైతది, దాన్ల పులిపిండి ఎక్కడిది, పిండి, వేడినీళ్ళు అంతే.

ఎనుమాముల మిర్చి:
సార్ చెప్పింది చదివి నాకు మా మార్కెట్ యాదికొచ్చింది. నేను సీజన్ల ఎనుమాములల ఉంట, మిర్చి బస్తాలు. పైన ఎర్రగ నిగనిగలాడే కాయ, నడుమల రంగుపోయిన తాలు కాయ కలుపుకొస్తరు కొందరు, మేం పైపైన చూసి రేటు కట్టం, బస్తా గుమ్మరిచ్చి వెల్తురుల చూస్తం. తాలు గూడ మిర్చే, దానికీ ఒక రేటుంటది, విడిగ తెచ్చి ఇది తాలు అని చెప్పినోన్ని ఎవ్వరు ఏమనరు. కలిపి తెచ్చినప్పుడే లొల్లి.

2 కొరింథీ 2:17 ల ‘దేవుని వాక్యమును కలిపి చెరిపెడు అనేకులవలె ఉండక’ అని ఉంటది గదా, చిన్నప్పటి సంది వింటున్న గని కలిపి చెరుపుడు అని ఎందుకన్నరో ఎవ్వరు చెప్పలే. సార్ ఆడ గ్రీకుల ఏమున్నది?

కరీంనగర్ సార్:
బలే అడిగినవ్. ఆడ ఉన్న మాట ‘కపేలెవో’. కపేలోస్ అంటే చిల్లర వ్యాపారి, ముఖ్యంగ ద్రాక్షారసం అమ్మేటోడు, నీళ్ళు కలుపుతరని ఆ కాలంల వాళ్ళకు చెడ్డపేరు. యెషయా 1:22 ల ద్రాక్షారసం నీళ్ళతోని కలిసి చెడిపోయింది అని ఉంటది గదా, పాత గ్రీకు తర్జుమా సెప్టువజింతుల ఆ నీళ్ళు కలిపేటోళ్ళకు ఇదే కపేలోయ్ అనే మాట వాడిన్రు. అమ్ముకునేటోళ్ళు అని ఒక అర్థం, కల్తీ చేసేటోళ్ళు అని ఇంకో అర్థం, మన తెలుగు తర్జుమా చేసినోళ్ళు రెండోది పట్టుకున్నరు. అదే వచనంల ఎయిలిక్రినేయ గూడ ఉన్నది, అంటే ఒక దిక్కు కలిపేటోడు, ఇంకో దిక్కు కలపనోడు. తమ్మీ, క్యాండిల్ కథ కన్న ఈ మిర్చి బస్తా నయం నీకు.

కాజీపేట అక్క:
మేం క్యాథలిక్స్, ఫాతిమా కెథడ్రల్‌కు పోతం, గ్రీకు నాకు రాదు గని మా సెమినరీల చదివిన మరిది దగ్గర ఒక ముక్క విన్న. రోమా 12:9 ల ‘ప్రేమ నిష్కపటమైనదై’ అన్న కాడ మాట వేరేనట, ‘అనుపోక్రితోస్’. హుపోక్రితేస్ అంటే నాటకంల వేషం కట్టేటోడు, దానికి ముందట ‘అన్’ పెడితే వేషం లేనిది. యేసు ప్రభువు పరిసయ్యులను తిట్టిన కాడ తెలుగుల ‘వేషధారులారా’ అని ఉన్నది గూడ గా మాటకే. మా అమ్మమ్మ ఊర్ల చిందు భాగవతం ఆడేటోళ్ళు, పొద్దుగూకినంక మొఖానికి రంగులేస్కొని రాత్రంత ఆడుతుండ్రి, తెల్లారి అదే మనిషి మా ఇంటి ముందట కూసొని చాయ్ తాగేటోడు. ఆయన్ని ఎవ్వరన్న కపటి అన్నరా? అది వేషమని ఊరందరికి ఎరుకే. తెల్లారినంక గూడ రంగు కడగకుండ నేనే రాజును అని తిరిగితే అప్పుడు చెప్పుకోవాలె.

తమ్ముడూ నీ రెండో ప్రశ్నకు ఎవ్వరు జవాబియ్యలే, అందుకే రాస్తున్న. ఏం అనిపిస్తలేదు అని ఈడ రాసినవ్ చూడు, ఆ మాట దేవునికి గూడ గట్లనే చెప్పు. మార్కు 9 ల కొడుకు కోసం వచ్చిన తండ్రి నమ్ముతున్న, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని ఒక్క నోటితోనే రెండు అన్నడు, ప్రభువు ఆయన్ని వెళ్ళగొట్టలే, పిల్లగాన్ని బాగుచేసిండు. అమ్మ కోసం మోకాళ్ళూనుడు వేషం కాదు, లోపల పొంగిపొర్లుతున్నట్టు ఏడ్చి చూపెడితే వేషం.

ఒక్క మాట చెప్పాల్నా:
ఇంత గ్రీకు ఎందుకు సార్, మనసు మంచిదైతే చాలు గదా. మనస్ఫూర్తిగ చేస్తే ఏదైనా దేవునికి చేరుతది.

కరీంనగర్ సార్:
అట్ల కాదన్నా. రోమా 10:2 ల పౌలు తన సొంతోళ్ళ గురించి వాళ్ళకు దేవుని మీద ఆసక్తి ఉన్నది గని అది జ్ఞానానుసారమైంది కాదు అంటడు. ఆయనే ఒకప్పుడు సంఘాన్ని హింసించేటప్పుడు మనస్ఫూర్తిగనే చేసిండు, డౌట్ లేదు, అపొస్తలుల కార్యములు 26:9 ల ఒప్పుకుంటడు గూడ. మనసుల కల్తీ లేనంత మాత్రాన దారి సరైందే అని కాదు.

తమ్మీ ఇంకోటి మర్చిపోయిన, నీకు ఇదే పనికొస్తది. 2 కొరింథీ 1:12 ల పౌలు నేను నిష్కాపట్యముతోని నడుచుకున్న అని గట్టిగ ఎందుకు చెప్పుకుంటడు అనుకుంటున్నవ్? కొరింథుకు వస్త అనుకొని ప్లాన్ మార్చుకున్నడు, దాని మీద లొల్లి. ఈయన అవును అనుకుంట కాదు అంటడు, మాట మీద నిలబడడు అని వాళ్ళ అనుమానం. ఇరవై మూడో వచనంల అసలు కారణం చెప్తడు, మిమ్మల్ని కనికరించే రాలేదు అని. అంటే ఈడ ఎయిలిక్రినేయ అనేది గుండె పొంగుడు గురించి కాదు, పెండ్లికి వస్త అని రానోడు తర్వాత చుట్టాలకు చెప్పుకునే సంజాయిషీ లాంటిది, లోపల ఒకటి పెట్టుకొని బయట ఇంకోటి చెప్పలేదు అని. నీకు ప్రార్థనల ఏమనిపించింది అనేదానికంటే నీ మాటల ఏం కలిపినవ్ అనేది ఆడ లెక్క.

హన్మకొండ తమ్ముడు:
సార్, అక్కా, ఎనుమాముల అన్నా, మస్తు థ్యాంక్స్. మైనం కథ తీసేస్తున్న. మిర్చి బస్తా, పౌలు ప్రయాణం, ఈ రెండే చెప్త. అక్కా మీరు రాసింది నాలుగుసార్లు చదివిన, రాత్రి గట్లనే చెప్పి పడుకున్న, ఇంక ఏం అనిపించలేదు గని పొద్దుగాల కొంచెం తేలిగ్గున్నది. సార్, ఆ మాట ఎట్ల పలుకాలె, ఎయిలిక్రినేయానా ఎయిలిక్రినేయనా? గీ రెండు క్యాండిల్స్ ఏం చెయ్యాలె ఇప్పుడు, నలభై రూపాలు పెట్టి కొన్న.

ఎనుమాముల మిర్చి:
కరెంట్ పోయినప్పుడు పెట్టుకో తమ్మి. తాలు ఒక దోసెడు, మంచి తేజ రకం మిర్చి ఒక దోసెడు నేనిస్త, శనివారం వచ్చి తీస్కపో. ఎండుమిర్చి మైకు దగ్గర గుమ్మరిచ్చేవ్, అందరు తుమ్ముతరు.