టెన్త్ పిల్లకి పశువైద్యశాలలో పని చూపించాలంటే ఎవర్ని అడగాలి?

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట జిల్లా, మా అక్క కూతురు ఇప్పుడు టెన్త్, మార్చిలో పబ్లిక్ ఎగ్జామ్స్. పిల్లకి పశువులంటే చాలా ఇష్టం, మొన్న పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వచ్చి నైట్రోజన్ క్యాన్ మూత తీస్తే పొగలోంచి తీసిన ఆ సన్నటి స్ట్రా ఏంటి, ఎందుకంత చల్లగా ఉంచాలి అని ఆయన బండెక్కేదాకా అడుగుతూనే ఉంది. బైపీసీ చేసి ఎంట్రన్స్ రాసి బీవీఎస్సీకి (పశువైద్య డిగ్రీకి) పోవాలా, లేక పాలిసెట్ రాసి రెండేళ్ల యానిమల్ హస్బెండ్రీ డిప్లొమా చేయాలా అన్నది తేలట్లేదు. బీవీఎస్సీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు కదా, ఆ పని రోజూ ఎట్లుంటదో కళ్లతో చూడకుండా ఎట్ల నిర్ణయించుకుంటది చెప్పండి.

యూట్యూబ్ వీడియోలన్నీ చూపించినం, అన్నిట్లో సీట్లు, ర్యాంకుల గురించే తప్ప పని గురించి లేదు. డబ్బులు కట్టి ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయిస్తే డాక్టర్, టీచర్, మేనేజర్ అని వచ్చింది. స్కూల్లో కెరీర్ గైడెన్స్ అని పెట్టింది ఒక ఇంటర్ కాలేజీ వాళ్ల అడ్మిషన్ ప్రచారం. దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగితే మైనర్ కదా, పైనుంచి పర్మిషన్ లేనిదే కుదరదన్నరు, అదీ న్యాయమే.

ఎగ్జామ్స్ అయినంక ఎండాకాలం సెలవుల్లో ఓ వారం పొద్దుటి ఓపీ టైంలో పక్కన నిలబడి చూస్తే చాలు, ఏమీ ముట్టుకోదు, నేనూ వెంట ఉంట. ఈ పర్మిషన్ కోసం లెటర్ ఎవరికి రాయాలి, స్కూల్ హెచ్‌ఎం ద్వారా పోవాలా లేక జిల్లా పశుసంవర్ధక అధికారికి మేమే నేరుగా ఇవ్వొచ్చా?